నలభై కిలోల వాసన

మెస్ మూతపడి మూడు నెలలైనా ఓంప్రకాశ్‌కి తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చేది. లేచి మొహం కడుక్కుని, యాప్రాల్‌లో వాళ్ళుండే రెండుగదుల వాటా ముందు అరుగు మీద కూర్చునేవాడు. పని లేని చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఒళ్ళో కూర్చునేవి. ఆరింటికి పాలప్యాకెట్ తెచ్చేవాడు. ఏడింటికి వాకిలి ఊడ్చేవాడు. ఏడున్నరకి ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చేవాడు. ఎనిమిదింటికి భార్య పుష్పమ్మ కుట్టుమిషన్ ముందు కూర్చుంటూ, "ఇగ చాలియ్యి. సిమెంటు లేస్తున్నది" అనేది.

పొయ్యి జోలికి మాత్రం పోయేవాడు కాదు. సికింద్రాబాద్‌లో ఒక ట్రైనింగ్ హాస్టల్ మెస్‌లో ఇరవై ఆరేళ్ళపాటు రెండు వందల మందికి వండిన మనిషి, ఇంట్లో ఒక్కనాడు చారు కాచి ఎరగడు. ఇందులో గర్వమేమీ లేదు. బయట వండే మగాళ్ళు ఇంట్లో పొయ్యి ముట్టరు, అంతే. ఈ కథ చెబుతున్నవాడు బయటా వండడు, ఇంట్లోనూ వండడు. ఒకసారి ఫ్రెంచ్ ఫ్రైస్ చేయబోతే ఉప్మా లాంటిది వచ్చింది. కాబట్టి ఇందులో కొలతలన్నీ ఓంప్రకాశ్‌వి, తప్పులుంటే మనవి.

ఓంప్రకాశ్ వంట వాసనకి ఒక అలవాటుండేది. ఎంతమందికి వండితే అంతమందిని వెతుక్కుంటూ వెళ్ళేది. మెస్‌లో అది మెట్లెక్కి, ఒక్కో గది తలుపు నెట్టి, మంచాల మీదివాళ్ళని లేపి, లెక్క రెండు వందలకి వచ్చాక కిందికి దిగి పొయ్యి పక్కన పడుకునేది. వార్డెన్ హాజరు దాన్నిబట్టే వేసుకునేవాడు. ఒకసారి ఒకతను చెప్పాపెట్టకుండా కాజీపేటలో వాళ్ళక్క ఇంటికి వెళ్తే, వాసన పాసింజరెక్కి కాజీపేట పోయి, మర్నాడు మధ్యాహ్నానికి అతన్ని వెంటబెట్టుకొచ్చింది. అతనికి ఒక పూట సెలవు కోశారు.

తర్వాత ఆ మెస్ తీసేసి భోజనాలు డబ్బాల్లో తెప్పించుకోవడం మొదలుపెట్టారు. డబ్బా అన్నానికి వాసన ఉండదు. ఉన్నా మూత దాటి రాదు.

మేడ మీద ఉండే ఇంటి ఓనరు నరసరాజు గారు భీమవరం వదిలి ముప్పై ఏళ్ళైనా నోట్లోంచి "అండి" వదలని మనిషి. ఓంప్రకాశ్‌కి కొత్త ఉద్యోగం చూసింది ఆయనే. అపార్ట్‌మెంట్లకి వాచ్‌మెన్లని పంపే రామభద్రరావు అనే ఆయనకి చెప్పి పెట్టించారు. సోమవారం పొద్దున ఎనిమిదికల్లా గేటు దగ్గర ఉండాలి. పన్నెండు గంటల డ్యూటీ, ఆదివారాలతో సహా.

"కష్టమేం లేదండి. కారొస్తే తెరవాలి, పోతే వెయ్యాలి" అన్నారు నరసరాజు గారు.

ఓంప్రకాశ్ సరేనన్నాడు. ఆ రాత్రి అన్నం తింటూ భార్యతో, "గేటు కాడ నిలబడితె చెయ్యి మర్చిపోతది పుష్పా" అన్నాడు.

"ఏం మర్చిపోతది?"

"ఉప్పు."

ఈ మూడు నెలల్లో ఈ మనిషి అరిగిపోవడం పుష్పమ్మ చూస్తూనే ఉంది. గేటో గోడో, ఏదో ఒకదాని దగ్గర నిలబడితే కనీసం మనిషి మిగులుతాడని ఆమె ఆశ. ఇంకొంచెం పప్పు వేసింది.

శనివారం సాయంత్రం వాళ్ళమ్మాయి కల్పలత ఫోన్‌లో ఫ్రెంచ్ ఫ్రైస్ తెప్పించుకుంది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న పిల్ల. అట్టపెట్టె తెరిచి ఒక ముక్క పైకెత్తింది. అది నిద్రపోతున్న పిల్లి తోకలా కిందికి వాలింది.

ఓంప్రకాశ్ ఆ ముక్కని తీసుకుని రెండు వేళ్ళతో వంచి చూశాడు. "ఒక్కసారే గోలిచ్చిన్రు. ఫింగర్ చిప్స్ రెండుసార్లు గోలిచ్చాలె. పైకెల్లి డబ్బల పెట్టి ఆవిరి పట్టిచ్చిన్రు."

"ఫింగర్ చిప్స్ కాదు డాడీ, ఫ్రెంచ్ ఫ్రైస్."

"పేరు ఏదైతేంది, వంగింది కదా."

"మరి నువ్వు చెయ్యి! సికింద్రాబాద్ల సగం మంది నీ చేతివంట తిన్నరు. నేనే తినలె. సోమవారం కెల్లి నువ్వు ఇంట్లనే ఉండవు."

మిషన్ చప్పుడు ఆగింది. ఓంప్రకాశ్ గోడవైపు చూస్తూ, "నాకు నలుగురికి వండరాదు బిడ్డా" అన్నాడు.

అది నిజం. ఆయన తలలో ఉన్నది ఒకే ఒక్క లెక్క. నలభై కిలోల ఆలుగడ్డ, రెండు కిలోల కార్న్‌ఫ్లోర్, రెండు దోసిళ్ళ మసాలా. కల్పలత ఊరుకోలేదు. ఇంట్లో ముగ్గురు, మేడ మీద నరసరాజు గారూ ఆయన భార్య లీలాకుమారి గారూ, మొత్తం ఐదుగురు. ఐదుగురికి కిలో. అన్నిటినీ నలభైతో భాగించింది.

"కార్న్‌ఫ్లోర్ యాభై గ్రాములు. మసాలా పాయింట్ జీరో ఫైవ్ దోసిలి."

ఓంప్రకాశ్ రెండు చేతులూ కలిపి దోసిలి పట్టి చూసుకున్నాడు. అందులో పాయింట్ జీరో ఫైవ్ ఎక్కడుంటుందో కనిపించలేదు.

అయినా మొదలుపెట్టాడు. కిలో గడ్డలూ వేలంత లావున కోశాడు. నీళ్ళు తేటపడేదాకా మూడుసార్లు కడిగాడు. ఉప్పునీళ్ళు మరిగాక అందులో వేసి, అలవాటు ప్రకారం బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. మెస్‌లో ఆ గంగాళం పొంగు రావడానికి ఇరవై నిమిషాలు పట్టేది. ఇంట్లో గిన్నెకి అది తెలియదు. ఆయన తిరిగొచ్చేసరికి ముక్కలన్నీ ఒకటైపోయాయి.

గరిటెతో కదిపి పుష్పమ్మ అంది: "మంచిగైంది. బోండాలేస్త."

వాసన మాత్రం పాపం లేచింది. వంటింటి గుమ్మం దాకా వచ్చి, బయటికి తొంగిచూసి, వెనక్కెళ్ళి సిలిండర్ చాటున కూర్చుంది.

"దానికి సుత సిగ్గైతున్నది" అంది పుష్పమ్మ.

ఆదివారం పొద్దున్నే ఓంప్రకాశ్ ఎవరికీ చెప్పకుండా మోండా మార్కెట్‌కి వెళ్ళాడు. కొత్త గడ్డల్లో నీళ్ళెక్కువ, వేయిస్తే మెత్తబడతాయి. అందుకని బొటనవేలితో గీకి గీకి చూసి, తోలు మందమెక్కిన పాత గడ్డలే ఏరాడు. తొమ్మిదింటికి ఇంటి ముందు ఆటో ఆగింది. ముందు బస్తా దిగింది, వెనక ఓంప్రకాశ్ దిగాడు. వాళ్ళ వెనకాలే టెంట్ హౌస్ ట్రాలీలో పెద్ద బాణలి, గంగాళం, భట్టీ పొయ్యి వచ్చాయి.

పుష్పమ్మ టేపు మెడలో వేసుకుని అలాగే బయటికొచ్చింది. "ఏందిది?"

"ఆలుగడ్డ."

"ఆలుగడ్డని నాకు సుత ఎరుకే. ఎవలకు?"

"మనకే."

"మనం ఐదుగురం. ఏనుగులం కాదు. నీకేమన్న దిమాక్ ఉన్నదా? రేపు డ్యూటీ ఎక్కేటోనివి, ఇయ్యాల గీ పరేషాన్ ఏంది?"

"రేపటి సంది నువ్వు చెప్పినట్లే గేటు తెరుస్త, గేటు మూస్త. ఏమన్న అన్ననా? ఇయ్యాల ఒక్కదినం జెర ఇడిచిపెట్టు పుష్పా. పిల్ల అడిగింది. నాకు గింతకు తక్కువ చేతనైతలేదు."

ఆమె లోపలికి వెళ్ళింది. గిన్నెల చప్పుడు కాసేపు గట్టిగానే వినబడింది. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో పీటా కత్తీ ఉన్నాయి. "పొట్టు పల్చగ తియ్యాలెనా, మందంగనా?" అని అడిగింది.

పదింటికల్లా అందరూ కత్తులు పట్టారు. ఎవరింట్లో ఫంక్షనని వీధిలోవాళ్ళు అడిగితే కల్పలత, "ఏం లేదాంటీ, మా డాడీ స్నాక్స్ చేస్తున్నడు" అని చెప్పింది. నరసరాజు గారు బనీనుతో మెట్ల మీద నిలబడి ఇదంతా పర్యవేక్షించారు.

"ఓంప్రకాశ్ గారూ, బంగాళాదుంపలకి బియ్యప్పిండి పట్టించాలండి. మా భీమవరంలో బియ్యప్పిండి లేకుండా వేపుడే లేదు."

"మెస్‌ల కార్న్‌ఫ్లోరే ఏస్తుంటిమి సార్."

"అందుకే మూసేశారండి."

మేడ మీంచి లీలాకుమారి గారి గొంతు వినిపించింది. "అంత పరిజ్ఞానం ఉన్నవారు ఇంట్లో ఒక్కనాడైనా కాఫీ పెట్టారా, అడగండి ఆయన్ని!" ఆ వెనకే తాడు కట్టిన బుట్టలో బియ్యప్పిండి డబ్బా దిగింది. ఓంప్రకాశ్ రెండు పిండ్లూ సగం సగం కలిపాడు. రాజు గారు గెలిచినట్టే మెట్లు దిగి, ఆయనా ఒక కత్తి తీసుకున్నారు.

ఈసారి ఉడుకు దగ్గర ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. గంగాళంలో నీళ్ళకి ఎంత వెనిగర్ పోయాలో, కత్తిమొన ముక్కలోకి ఎంత దిగితే దించాలో చేతులే చూసుకున్నాయి. ఉడికిన ముక్కలు ఆరబెట్టడానికి గుడ్డలు చాల్లేదు. పుష్పమ్మ మిషన్ గదిలో పాత దుప్పట్లు పరిచింది. అవీ చాలక, జాకెట్ల లైనింగ్ గుడ్డ తాను విప్పి పరిచేసింది. పైన ఫ్యాన్ తిరుగుతుంటే నలభై కిలోల ముక్కలు వరసల్లో పడుకుని గాలి పోసుకున్నాయి.

మధ్యాహ్నం మొదటి వాయి. నూనె మరీ కాగకుండా, ముక్క రంగు మారకుండా, పైన పొర గట్టిపడేదాకా వేయించి తీసి చల్లారబెట్టాడు. రెండో వాయికి తొందరపడలేదు. తినేవాళ్ళు కూర్చోకుండా రెండోసారి నూనెలో వేయకూడదని మెస్‌లో ఆయన పెట్టుకున్న నియమం. ఈలోపు మసాలా కలిపాడు. కారం, ఆమ్‌చూర్, నల్లుప్పు, వేయించిన జీలకర్ర పొడి, ఎండబెట్టిన వెల్లుల్లి పొడి, కరివేపాకు పొడి, కాస్త చక్కెర. అన్నీ కలిపి దోసిలి పట్టాడు. అంచుదాకా నిండింది. ఇంకొక్కటి. చేతులకి ఏమీ మరుపు రాలేదు.

మూడింటికి నలుగురూ అరుగు మీద కూర్చున్నారు. తనతో కలిపి ఐదుగురికి సరిపడా ముక్కలు మాత్రం కాగే నూనెలో వేశాడు. బంగారు రంగు తిరిగి, గరిటె తగిలితే గలగలమన్నాక తీసి, వేడి మీదే మసాలా చల్లి ఎగరేశాడు.

కల్పలత ఒకటి కొరికింది. ఆ చప్పుడుకి ఎదురింటి కుక్క లేచి కూర్చుంది. ఇంకొకటి తీసుకుంది. పెళ్ళైన ఇరవై మూడేళ్ళకి మొదటిసారి మొగుడి చేతివంట నోట్లో పెట్టుకున్న పుష్పమ్మ మెల్లగా నమిలి, మింగి, "ఉప్పు సరిపోయింది" అంది. అంతకుమించి ఆమె ఎవరినీ మెచ్చుకున్న దాఖలా యాప్రాల్‌లో లేదు.

అప్పుడు వాసన లేచింది. అరుగు మీద ఐదుగురినీ లెక్కపెట్టింది. ఇల్లంతా ఒకసారి తిరిగింది. మిగతా నూట తొంభై ఐదు మందీ కనబడక గేటు తోసుకుని వీధిలోకి పోయింది.

వీధిలోవాళ్ళు స్కూటర్లు పక్కకి తీసి దారిచ్చారు. మెయిన్ రోడ్డు మీద అది బస్సెక్కింది. ఏ టికెట్ కొట్టాలో తెలియక కండక్టర్ కాసేపు తల గోక్కుని, చివరికి ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ కొట్టిచ్చాడు. సికింద్రాబాద్‌లో దిగి పాత మెస్‌కి వెళ్ళింది. తాళం వేసి ఉంది. మెట్ల మీద కూర్చుంది. ఎదురుగా చాయ్ బండి ఆయన, "ఏం, చాన దినాలకు కనవడ్డవ్?" అని పలకరించాడు. పావుగంట చూసి, లేచి, మళ్ళీ బస్సెక్కింది. యాప్రాల్ దాకా రాకుండా సైనిక్‌పురిలో దిగిపోయింది.

ఇంటి దగ్గర ఐదయింది, ఆరయింది. తెల్లగా చల్లారిన ముక్కలు పళ్ళేల్లో గుట్టలుగా ఉన్నాయి. వచ్చినవాళ్ళెవరూ లేరు.

"గివి ఏం జేద్దాం?" అంది పుష్పమ్మ.

"రేపు పొద్దున నేను పోయినంక వాడలందరికి పంచు."

"గోలిచ్చేదెవలు?"

ఓంప్రకాశ్ గేటు వైపే చూస్తూ, "కాజీపేట పోయిననాడు తప్ప అది ఇంతసేపు బయట ఎన్నడుండలె. దారి తప్పిందో ఏమో" అన్నాడు.

"రేపు ఎనిమిదికి అండి" అని మెల్లగా గుర్తుచేసి నరసరాజు గారు మేడెక్కారు.

ఆరున్నరకి ఒక స్కూటీ వచ్చి ఆగింది. దిగినావిడకి యాభై ఏళ్ళుంటాయి. హెల్మెట్ తీయకుండానే, "ఇక్కడ ఆలుగడ్డలు చేసిందెవరు?" అని అడిగింది.

ఓంప్రకాశ్ తప్పు చేసినవాడిలా లేచి నిలబడ్డాడు.

"నేను హదస్సా. సైనిక్‌పురిల నర్సింగ్ పిల్లల హాస్టల్ వార్డెన్‌ని. మీ వాసన నాలుగున్నరకి మా డైనింగ్ హాల్‌కి వచ్చింది సార్. నడిమి బెంచీ మీద కూర్చుంది, లేస్తలేదు. పిల్లలందరూ ప్లేట్లు పట్టుకొని దిగిన్రు. గంట చూసిన్రు, రెండు గంటలు చూసిన్రు. వాసన పంపిచ్చి మనిషి రాకపోతే ఎట్ల? నేను వాళ్ళకేం చెప్పాలె?"

"మీ దగ్గర వంటోళ్ళు లేరా మేడం?" అంది పుష్పమ్మ.

"వంటామె కూతురి కాన్పుకని ఊరికి పోయింది. ఇగ రానని ఫోన్ చేసింది. పది దినాలైంది. బ్రెడ్డు, జాము, అటుకులు. పొద్దంతా వార్డులల్ల నిలబడి వచ్చే పిల్లలు. నిన్న ఒకామె పేషెంట్‌కి బీపీ చూస్తూ తనే కిందపడింది." ఆవిడ హెల్మెట్ తీసింది. "కండక్టర్‌ని అడిగితే యాప్రాల్ల ఎక్కిందన్నడు. వచ్చిన."

"ఎంతమంది మేడం?" అన్నాడు ఓంప్రకాశ్.

"నూట తొంభై నాలుగు. నాతోని కలిపి నూట తొంభై ఐదు."

కల్పలత ఏదో లెక్క మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. ఓంప్రకాశ్ కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుని, "ఆటో పిలువు బిడ్డా" అన్నాడు.

హాస్టల్ వంటగది పెద్దది. పది రోజులుగా చల్లబడి ఉన్న పొయ్యి మొదటి అగ్గిపుల్లకే అంటుకుంది. అవతల హాల్లో నూట తొంభై నాలుగు మంది వరసల్లో కూర్చున్నారు. ఒకమ్మాయి బెంచీ మీద కొంచెం జరిగి వాసనకి చోటిచ్చింది. కూర్చున్నారని చూసుకున్నాకే ఓంప్రకాశ్ రెండో వాయి వేశాడు. తీసింది తీసినట్టు, మసాలా చల్లి ఎగరేసింది ఎగరేసినట్టు కల్పలతా పుష్పమ్మా పట్టుకుపోయారు. కాసేపటికి హాల్లోంచి ఎండుటాకుల మీద మంద నడిచినట్టు చప్పుడు మొదలైంది. వంటగదిలో మాటలు వినబడకుండా పోయాయి. ఎనిమిదయ్యేసరికి నలభై కిలోలూ అయిపోయాయి. వాసన బెంచీ దిగి వచ్చి, పొయ్యి పక్కన ముడుచుకుని పడుకుంది.

ఓంప్రకాశ్ బాణలి తుడుస్తున్నాడు. పుష్పమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది. ఇంటికి పోయి అన్నం వండాలి, తెల్లారి ఆయన్ని డ్యూటీకి పంపాలి.

హదస్సా ఉద్యోగం మాట ఎత్తలేదు. థాంక్స్ కూడా చెప్పలేదు. పచారీ గది తలుపు తీసి, "సార్, రేపు పొద్దున టిఫిన్‌కి పెసరట్లు అనుకుంటున్న. పెసలు ఇప్పుడే నానబొయ్యాలె గదా. ఎన్ని పొయ్యమంటరు?" అంది.

ఇది ఎవరైనా ఏ వంటవాడినైనా అడిగే మామూలు ప్రశ్న. నోటితో చెప్పి వెళ్ళిపోవచ్చు. ఓంప్రకాశ్ నోరు తెరిచాడు కూడా. కానీ ఆయన లెక్కలు ఏనాడూ నోట్లో లేవు. డబ్బా దగ్గరికి వెళ్ళి చెయ్యి పెట్టాడు. దోసిలి తర్వాత దోసిలి పెద్ద గిన్నెలో పడుతుంటే పుష్పమ్మ గుమ్మంలోంచి చూస్తూ ఉండిపోయింది. రెండు దోసిళ్ళ బియ్యం కలిపాడు. రెండుసార్లు కడిగి, నీళ్ళు పోసి, చూపుడువేలు ముంచి కణుపుదాకా వచ్చాయో లేదో చూశాడు.

ఏ మెస్‌లోనైనా వంటవాళ్ళ మధ్య గొడవలు రాకుండా ఒక కట్టుబాటు ఉంటుంది. నానబోసినవాడే రుబ్బాలి, రుబ్బినవాడే పెనం మీద పొయ్యాలి. ఐదింటికి గ్రైండర్ వేస్తే, అంతమందికి అట్లు పోసేసరికి తొమ్మిది దాటుతుంది. ఇరవై మూడేళ్ళ కాపురంలో పుష్పమ్మకి ఈ సంగతి తెలియకుండా ఎలా ఉంటుంది?

ఆమె వరండాలోకి వచ్చి ఫోన్ తీసింది.

"రాజు గారూ, నేను పుష్పమ్మను. ఆ రామభద్రరావు సార్‌కి జెర ఒక మాట చెప్పుర్రి."

"ఏమని చెప్పమంటారమ్మా?"

"మా ఆయన పెసలు నానబోసిండని."

"ఎంతమందికండి?"

"నూట తొంభై ఐదు."

"అయితే ఇంకెవరినైనా చూసుకోమంటాలెండి" అన్నారు నరసరాజు గారు.